అమ్మ ఫోన్‌కి నెట్ కావాలా, మాటలు చాలా? తక్కువలో రీచార్జ్ వేయించే ముందు

మా ఇంట్లో ఐదు నంబర్లు, ఐదింటికీ రీచార్జ్ చేసేది నేనే. శ్రీకాకుళంలో నేనూ మా ఆవిడా, కవిటి దగ్గర ఊళ్లో అమ్మా నాన్నా, ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న చెల్లి. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా) మూడూ వెంటవెంటనే రేట్లు పెంచేదాకా నేనూ అందరికీ ఒకటే ప్యాక్ వేసేసేవాణ్ణి. జియోలో రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ అప్పుడే 239 నుంచి 299 అయింది. అది ఐదు నంబర్లకి వేస్తే 1,495 రూపాయలు, అదీ నెలకి కాదు, 28 రోజులకి. ఏడాదికి పన్నెండు సార్లు వేస్తున్నాం అనుకుంటాం గానీ 28 రోజుల లెక్కన పదమూడు సార్లు పడుతుంది.

తర్వాత 2024 డిసెంబరులో ఫోన్ కంపెనీల మీద నియంత్రణ ఉండే ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది: నెట్ అక్కర్లేని వాళ్లకి మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ ఒక్కటైనా ప్రతి కంపెనీ పెట్టాలి. 2025 జనవరిలో ఆ ప్యాక్‌లు వచ్చాయి. నేను ఆ వారమే అమ్మకీ నాన్నకీ అవి వేసేశాను, డబ్బులు మిగిలాయని సంతోషపడ్డాను. మళ్లీ ఊరెళ్లినప్పుడు తెలిసింది, అమ్మ రోజూ సాయంత్రం పక్కింటికి నడిచి వెళ్లి, వాళ్ల వైఫై పట్టుకుని, మా పాపతో వీడియో కాల్ మాట్లాడుతోందని. వాళ్లు లేని రోజున మాట్లాడటం లేదు. "మరి చెప్పలేదేంటమ్మా" అంటే "నువ్వే కదరా ఏయించావు, మళ్లీ డబ్బులడగడమెందుకని" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఏ ప్యాక్ చవక అన్నది కాగితం మీద ఐదు నిమిషాల లెక్క. ఎవరికి ఏది అన్నది మాత్రం ఆ ఫోన్ వాడే మనిషిని అడిగాకే తేలుతుంది.

ముందు చూసుకోవాల్సినవి

ఆ మనిషి కూర్చునే చోట సిగ్నల్. మీ చోట కాదు, వాళ్ల చోట. స్లాబ్ ఇంట్లో లోపలి గది, తోటలో మోటారు షెడ్డు, పెరట్లో నుయ్యి దగ్గర, ఇలా రోజులో ఎక్కువసేపు ఎక్కడుంటారో అక్కడ ఏ కంపెనీ మోగుతుందో ఇరుగుపొరుగుని అడగండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంకో సంగతి, అక్కడ ఫోన్ ఒక్కోసారి ఒడిశా టవర్ పట్టుకుంటుంది. టెలికం లెక్కలో ఆంధ్రా, తెలంగాణ కలిపి ఒక సర్కిల్, ఒడిశా వేరే సర్కిల్, కాబట్టి ఫోన్ మీద రోమింగ్ గుర్తు వస్తుంది. అన్‌లిమిటెడ్ ప్యాక్‌లలో దేశంలో రోమింగ్ మామూలుగా కలిసే ఉంటుంది గనక కంగారు పడక్కర్లేదు, కానీ మీరు వేయించే ప్యాక్‌లో ఆ మాట రాసి ఉందో లేదో ఒకసారి చదవండి.

చేతిలో ఉన్న ఫోన్. ఇది చాలామంది మర్చిపోతారు. జియోకి 2జీ లేదు. మీ నాన్నగారి దగ్గర పాత 2జీ బటన్ ఫోన్ ఉంటే అందులో జియో సిమ్ మాటలకి కూడా పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు పనిచేస్తాయి. ప్యాక్‌లో నూట యాభై మిగులుతుందని కంపెనీ మారి, తర్వాత వెయ్యి పెట్టి ఫోన్ కొనడం మిగులు కాదు.

వాడకం. ఊహించకండి, టచ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డేటా వాడకం అని ఉంటుంది, పోయిన నెలలో ఎంత వాడారో అక్కడే కనిపిస్తుంది. మా నాన్న ఫోన్‌లో చూస్తే నెలంతటికీ కలిపి ఒక జీబీ కూడా లేదు. ఆయనకి నేను రోజుకి జీబీన్నర కొంటున్నాను, రాత్రి పన్నెండు దాటగానే అది పోతోంది.

రోజుకి ఎంత పడుతుంది. ప్యాక్ మీద రాసిన రేటు చూడొద్దు, దాన్ని రోజులతో భాగించండి. కంపెనీలు రేటు ముట్టుకోకుండా గడువు రోజులు తగ్గించినా పెంపే కదా, భాగిస్తే గానీ అది కనపడదు.

ఒకేసారి ఎంత పెట్టగలరు. దీని గురించి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు బాధగా అనిపించేది ఇక్కడే.

లెక్క

కింద ఉన్నవి 2024 జూలై పెంపు తర్వాత ఉన్న రేట్లు, 2025లో మాటల ప్యాక్‌లు సవరించాక ఉన్న రేట్లు. ఇవి మారుతూనే ఉంటాయి, వేయించే రోజున కంపెనీ యాప్‌లో సరిచూసుకుని, ఇదే పద్ధతిలో భాగించుకోండి.

| ప్యాక్ | రేటు (రూ.) | రోజులు | రోజుకి (రూ.) | నెట్ |
|---|---|---|---|---|
| జియో, మాటలు మాత్రమే | 448 | 84 | 5.33 | లేదు |
| జియో, మాటలు మాత్రమే | 1,748 | 336 | 5.20 | లేదు |
| ఎయిర్‌టెల్, మాటలు మాత్రమే | 469 | 84 | 5.58 | లేదు |
| ఎయిర్‌టెల్, మాటలు మాత్రమే | 1,849 | 365 | 5.07 | లేదు |
| జియో, కొంచెం నెట్ | 189 | 28 | 6.75 | మొత్తం 2 జీబీ |
| ఎయిర్‌టెల్, కొంచెం నెట్ | 199 | 28 | 7.11 | మొత్తం 2 జీబీ |
| జియో, రోజూ నెట్ | 299 | 28 | 10.68 | రోజుకి 1.5 జీబీ |
| జియో, రోజూ నెట్ | 799 | 84 | 9.51 | రోజుకి 1.5 జీబీ |
| జియోభారత్ ఫోన్‌కి మాత్రమే | 123 | 28 | 4.39 | రోజుకి 0.5 జీబీ |

వీఐ మాటల ప్యాక్‌లు ఎయిర్‌టెల్‌కి దగ్గరగానే ఉన్నాయి, 84 రోజులకి 470.

మాటలు మాత్రమే

ఫోన్ మాటలకి పరిమితి లేదు. మెసేజ్‌లు మాత్రం గడువు మొత్తానికి కలిపి ఇన్ని అని ఉంటాయి, జియో 448లో 1,000, ఎయిర్‌టెల్ 469లో 900. ఇవి మనం పంపేవాటికే, మనకి వచ్చేవాటికి లెక్క లేదు. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగ్ మెసేజ్ అన్నీ నెట్ లేకుండానే వస్తాయి. "నెట్ లేకపోతే ఓటీపీ రాదు" అని మా ఊళ్లో చాలామంది నమ్ముతున్నారు, ఆ భయంతోనే వాడని నెట్‌కి డబ్బు కడుతున్నారు. అది నిజం కాదు. మెసేజ్‌గా వచ్చేదానికి నెట్ అక్కర్లేదు.

పోయేది ఏంటంటే, వాట్సాప్, యూపీఐ స్కాన్, యూట్యూబ్. ఇంకొకటి కూడా ఉంది, 2025 జనవరి 30 నుంచి రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే చాలా సేవలు ఇస్తోంది. నెట్ లేనివాళ్లు వాటికోసం సచివాలయానికి నడవాలి. ఇంట్లో ఇంకొకరికి నెట్ ఉంటే ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మాత్రం ఆలోచించాల్సిందే.

ఈ ప్యాక్ వేశాక టచ్ ఫోన్‌లో మొబైల్ డేటా స్విచ్ ఆపేయండి. ఎప్పుడైనా ఒక రోజుకి నెట్ కావాలంటే చిన్న డేటా ప్యాక్ దీనిమీద పడుతుందా అన్నది రీచార్జ్ చేసే ముందే అడిగి రూఢి చేసుకోండి. అన్ని ప్యాక్‌ల మీదా అన్నీ పడవు.

ఇప్పుడు ఆ బాధ సంగతి. ప్రైవేటు కంపెనీలు ఈ ప్యాక్‌ని 84 రోజులకీ, దాదాపు ఏడాదికీ పెట్టాయి గానీ 28 రోజులకి పెట్టలేదు. జీడిపప్పు బట్టీలో రోజుకూలీకి వెళ్లే పలాస ఆవిడకి, వారం కూలి మీద బతికే ఇంటికి, 448 ఒకేసారి తీయడం అంటే ఆ వారం సరుకుల్లో కోత. 189 తీయడం సులువు, అందుకని అదే తీస్తారు. 336 రోజులకి లెక్క వేస్తే 448 నాలుగు సార్లు 1,792, 189 పన్నెండు సార్లు 2,268. అంటే ఒకేసారి పెట్టలేనందుకు 476 రూపాయలు ఎక్కువ కడుతున్నారు. కొడుకో కూతురో ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకి నిజంగా సాయపడాలంటే, నెలనెలా కొంచెం పంపేకన్నా ఈ 84 రోజుల ప్యాక్ ఒకటి వేసేయడం మేలు అంటాను నేను. తేదీ మీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, వాళ్లని గుర్తుపెట్టుకోమనకండి.

కొంచెం నెట్

189, 199 ప్యాక్‌లు అన్నమాట. 28 రోజులకి మొత్తం రెండు జీబీ. వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు, అప్పుడప్పుడు యూపీఐ, రెండు మూడు రోజులకోసారి పది నిమిషాల వీడియో కాల్, ఇంతవరకూ లాగించవచ్చు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా సెట్టింగ్ మార్చితేనే సుమా. బంధువుల గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలే ఈ రెండు జీబీని పది రోజుల్లో తినేస్తాయి. యూట్యూబ్ అలవాటున్న మనిషికి ఈ ప్యాక్ వేయకండి, మూడో రోజుకి అయిపోయి, తర్వాత రోజువారీ డేటా ప్యాక్‌లు కొని 299 దాటించేస్తారు.

దీనిలో నాకు నచ్చేది, నెట్ రోజు లెక్కన పోదు. ఇది ఎవరికి ముఖ్యమో చెప్తాను. ఎచ్చెర్ల, గార తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోతారు. బోటు సముద్రంలోకి వెళ్లాక రోజుల తరబడి సిగ్నల్ ఉండదు. రోజుకి జీబీన్నర ప్యాక్ వేసుకుంటే నీళ్లమీద ఉన్నన్ని రోజులూ ఆ నెట్ రాత్రి రాత్రికీ ఆవిరైపోతుంది, ఒడ్డుకి వచ్చిన రోజున మాత్రం అదే జీబీన్నర. మొత్తంగా ఇచ్చే ప్యాక్ అయితే ఒడ్డుకి వచ్చిన రెండు రోజుల్లో పిల్లల్ని కరువు తీరా చూసుకోవచ్చు. లారీ మీద తిరిగేవాళ్లకీ, ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వని ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసేవాళ్లకీ ఇదే లెక్క.

రోజూ నెట్

ఖరీదే, కానీ కొందరికి ఇది తీసేయడం అన్యాయం. మా చెల్లి పాఠాలు యూట్యూబ్‌లో వింటుంది, హాస్టల్ వైఫై సాయంత్రమయ్యేసరికి నత్తలా ఉంటుంది. విజయనగరంలో గదులు అద్దెకి తీసుకుని డీఎస్సీకీ, గ్రూప్స్‌కీ చదువుకునే పిల్లలదీ అదే పరిస్థితి. వాళ్లకి నెలకి వంద మిగల్చడానికి నెట్ కోసేస్తే పోయేది వందకన్నా ఎక్కువే. తీసుకుంటే 28 రోజులది కాకుండా 84 రోజులది తీసుకోండి, రోజుకి రూపాయి పైన తగ్గుతుంది.

ఇంకొకళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఈ మాట ఎందుకంటున్నానో చెప్పక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. "ఆయనకి వయసైపోయింది, నెట్ ఎందుకు" అనే ముందు ఆ నాలుగు గంటలు తలుచుకోండి. ఒక పాత సినిమా, ఒక హరికథ, మనవడి ముఖం. అక్కడ రోజుకి పది రూపాయలు ఎక్కువ కాదు.

జియోభారత్ లాంటి చిన్న ఫోన్

2023 జూలైలో 999 రూపాయలకి వచ్చింది. బటన్ ఫోన్ లాగే ఉంటుంది గానీ 4జీ. దానికి మాత్రమే 123 ప్యాక్, మాటలకి పరిమితి లేదు, రోజుకి అర జీబీ లెక్కన మొత్తం 14 జీబీ నెట్. పైన పట్టిక చూడండి, నెట్ లేని ప్యాక్‌లకన్నా ఇదే చవక, అదీ 28 రోజుల చిన్న మొత్తంలో. కూలి ఇళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. అయితే ఆ ఫోన్‌లో జియో సిమ్ మాత్రమే, ఆ ప్యాక్ ఆ ఫోన్‌లో మాత్రమే. ఫోన్ పాడైతే సిమ్ తీసి టచ్ ఫోన్‌లో వేసుకుని అదే ప్యాక్ నడిపిద్దాం అంటే కుదరదు. తెర చిన్నది, వీడియో కాల్ కోసం ఆశపడే అమ్మకి ఇది సరిపోదు. మీ ఇంటి దగ్గర జియో సిగ్నల్ బాగుంటేనే ఈ ఆలోచన.

బీఎస్ఎన్ఎల్

2024లో మిగతా మూడూ పెంచినప్పుడు ఇది పెంచలేదు, అప్పుడు చాలామంది ఇటు మారారు, కొందరు సిగ్నల్ చాలక వెనక్కి వచ్చారు. 2025 సెప్టెంబరు 27న మన పక్కనే ఒడిశాలో ఝార్సుగూడ నుంచి ప్రధాని దీని సొంత 4జీని ప్రారంభించారు, దేశమంతా 97,500 పైగా టవర్లు. మీ ఊరి టవర్ అందులో ఉందో లేదో ఊళ్లో ఆ సిమ్ వాడేవాళ్లని అడిగితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. పాత సిమ్ అయితే 4జీ సిమ్‌కి మార్పించుకోవాలి. ప్యాక్‌ల గడువు రోజులు మాత్రం జాగ్రత్తగా చదవండి, పోయినసారి ఉన్నన్ని ఈసారి ఉండకపోవచ్చు. రెండో సిమ్‌గా దీన్ని నేను ఇష్టపడతాను. ఒక్కటే సిమ్ ఉన్నవాళ్లు మాత్రం ముందు పక్కింటివాళ్ల ఫోన్‌లో చూసి అప్పుడు మారండి.

ఇంట్లో వైఫై, ఫోన్‌లో మాటలు

ఇద్దరు ముగ్గురు నెట్ వాడే ఇల్లయితే, ఏపీ ఫైబర్‌నెట్టో ఇంకొకటో కేబుల్ కనెక్షన్ పెట్టించుకుని, ఇంట్లోనే ఉండేవాళ్లందరికీ మాటల ప్యాక్ వేస్తే సరిపోతుంది. 336 రోజులకి 299 ప్యాక్ 3,588 అవుతుంది, మాటల ప్యాక్ 1,748, తేడా మనిషికి 1,840. ముగ్గురుంటే కేబుల్ ఖర్చులో పెద్ద భాగం అందులోనే వచ్చేస్తుంది, టీవీ అదనం. జియో, ఎయిర్‌టెల్‌లో వైఫై కాలింగ్ కూడా ఉంది, స్లాబ్ ఇంట్లో సిగ్నల్ అందని గదిలో కూడా ఫోన్ మోగుతుంది.

కేబుల్ లేకపోతే ఒకరికి ఎక్కువ నెట్ వేసి హాట్‌స్పాట్ పెట్టమంటారు కొందరు. ఆ ఒకరు పొద్దున్నే పనికి వెళ్లిపోయే మనిషైతే రోజంతా ఇంట్లో ఎవరికీ నెట్ లేనట్టే. రాత్రి ఇంటికొచ్చాక అలసిపోయిన మనిషిని ఫోన్ అడగడానికి ఇంట్లోవాళ్లు మొహమాటపడతారు. ఇది మా ఇంట్లో రెండు నెలలు చూసి మానేశాం.

మారేటప్పుడు, మానేటప్పుడు

కంపెనీ మారాలంటే ఇంగ్లిష్‌లో PORT అని రాసి ఖాళీ వదిలి మీ నంబరు వేసి 1900కి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, ఆధార్‌తో కొత్త కంపెనీ షాపుకి వెళ్లాలి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే 2024 జూలై నుంచి ఏడు రోజులు ఆగాలి. ఇప్పటి ప్యాక్ గడువు చివర్లో మారండి, మిగిలిన రోజులు కొత్త కంపెనీకి రావు.

రెండో సిమ్ ఉంది కదా అని ఊరికే పడేయకండి. 90 రోజులు ఏ ఫోన్ కాల్, మెసేజ్, నెట్ వాడకం లేకపోతే నంబరు ఆపేయవచ్చు. ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ సిమ్‌లో బ్యాలెన్స్ 20 రూపాయలు ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచుతారు. పోయిన నంబరు కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇస్తారు. ఆ నంబరుకే అమ్మ పింఛను పడే బ్యాంకు ఖాతా, ఆధార్ ముడిపడి ఉంటే ఓటీపీలు ఎవరికో వెళ్తాయి. ఒక సిమ్ వదిలేయాలనుకుంటే ముందు బ్యాంకులో, ఆధార్‌లో నంబరు మార్పించి అప్పుడు వదలండి.

రెండు సిమ్‌లు రెండు వేర్వేరు కంపెనీలవి ఉంచుకోమనే అంటాను, మాది తుఫాన్ల దారి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక టవర్లూ మూగబోయాయి, అప్పుడు ఎన్ని సిమ్‌లున్నా సాయపడలేదు. చిన్న గాలివానలకి మాత్రం ఒకటి పోయినా ఒకటి మోగుతుంది.

షాపులో వేయిస్తే ప్యాక్ పేరు కాదు, రేటూ రోజులూ చెప్పండి. "అమ్మ ఫోన్‌కి వేయండి" అని డబ్బిస్తే ఒకసారి మా ఊరి షాపులో అడగకుండానే 299 వేసేశారు, వేశాక వెనక్కి రాదు. యాప్‌లో అయితే మాటల ప్యాక్ పైన కనపడదు, కిందకి లాగి వెతకాలి.

ఇప్పుడు మా ఐదు నంబర్లు ఇలా ఉన్నాయి: నాన్నకి 84 రోజుల మాటల ప్యాక్, చెల్లికి 799, శ్రీకాకుళంలో వైఫై ఉంది గనక మా ఆవిడకి మాటల ప్యాక్, బయట తిరిగే నాకు 189. అమ్మకి కూడా ముందు 189 వేశాను, పన్నెండో రోజుకి అయిపోయింది. తర్వాత నెల నుంచి 299 వేస్తున్నాను. సాయంత్రం ఆరున్నరకి ఫోన్ వస్తుంది, పాప పుస్తకాలు పక్కన పెట్టి పరుగెత్తుతుంది, వెనకాల మా పెరట్లో కొబ్బరిచెట్లు కనిపిస్తాయి.